ఎడమ చేతికి కిటికీ

పొద్దున లేవగానే అమ్మమ్మ కళ్ళజోడు వెతుక్కోదు. ఎడమ చేతిని అడుగుతుంది. అది కాస్త ఆలోచించి బీరువా మీదికో, దిండు కిందికో వేలు చూపిస్తుంది. ఏళ్ళ తరబడి కుడి చెయ్యి మిషను చక్రం తిప్పుతుంటే, గుడ్డను సూది కిందికి నడిపించింది ఆ చెయ్యే. ఊళ్ళో వాళ్ళ కొలతలన్నీ దానికే తెలుసు. మనవరాలి సాక్సు పోయినా, పక్కింటావిడ తాళంచెవి పోయినా దాని దగ్గరికే వస్తారు. అమ్మమ్మ బుర్ర చిల్లికుండ అయ్యాక, కన్నకూతుర్ని కూడా ఆ చెయ్యి తాకితే గానీ గుర్తుపట్టడం లేదు.

గుండె నుంచి లేచి వంపు తిరిగే పెద్ద రక్తనాళం ఉబ్బిందని డాక్టరు చెప్పాడు. ఛాతీ కొయ్యక్కర్లేదట. తొడ దగ్గర్నుంచి గుడ్డ గొట్టం పంపి, లోపల అస్తరు వేస్తాడట. చిక్కల్లా ఒకటే. ఎడమ చేతికి వెళ్ళే కొమ్మ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. గొట్టం దాని నోరు మూసేస్తుంది.

"చంక కత్తిరించకుండా చొక్కా కుడతారా బాబూ?" అంది అమ్మమ్మ.

డాక్టరు నవ్వాడు. కొందరికి మూసేసినా పక్క నాళాల రక్తంతో చెయ్యి నెట్టుకొస్తుందని, పని కూడా త్వరగా తేలుతుందని చెప్పాడు. అమ్మకి అన్నీ గుర్తుచేసేది ఆ చెయ్యేనని కూతురు చెప్పింది. అమ్మ ఎడమ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు దానికేసి చూశాడు.

"జ్ఞాపకాలన్నీ దీని దగ్గరే ఉన్నాయంటున్నారు కదా. అరకొర రక్తంతో ఎలా నడుస్తుందమ్మా? గొట్టానికి ఆ కొమ్మ నోటికెదురుగా కిటికీ పెడదాం."

ఆపరేషన్ రోజున ఎడమ చేతిలోంచి సన్నని తీగ పంపాడు. అది కిటికీలో దూరాలి. ఇంకా పూర్తిగా విప్పని గొట్టాన్ని ఎటు తిప్పినా తీగ గుడ్డకే తగులుతోంది. చేతి మీది దుప్పటి తియ్యమని నర్సుకు చెప్పాడు. అమ్మమ్మ మత్తులో ఉంది గానీ చెయ్యి మేలుకునే ఉంది. చూపుడువేలు పక్కకి వంగింది. డాక్టరు గొట్టాన్ని అటు వెంట్రుకవాసి తిప్పాడు. వేలు ఇంకాస్త వంగింది. ఇంకాస్త తిప్పాడు. వేలు నిటారుగా నిలబడింది. సూదిలోకి దారంలా తీగ కిటికీలోకి దూరింది.

మెలకువ వచ్చాక అమ్మమ్మ కూతుర్ని పరాయిమనిషిని చూసినట్టు చూసింది. చెయ్యి చల్లగా ఉంటుందేమోనన్న భయంతో కూతురు ముట్టుకోలేదు. చెయ్యే లేచి ఆమె చెంప మీద వాలింది. వెచ్చగా ఉంది.

"మళ్ళీ తినకుండా కూర్చున్నావు కదే. చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు."

"ఇప్పుడే వెళ్ళి తింటానమ్మా," అంది కూతురు, ముక్కు తుడుచుకుంటూ. లేచి పర్సు కోసం చుట్టూ చూసింది. ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు.

చెయ్యి మంచం కిందికి వేలు చూపించింది.