ముప్పదియొకటవ పటము

రోహిణికార్తె యెండలకు బీటలువాఱిన గౌతమీతీరభూములు మృగశిర ప్రవేశించియు జినుకెఱుగక నోరు తెఱచికొనియుండ, తూర్పున బుట్టిన కారుమొగిళ్లు కురియక తొలగక యాకాశమంతయు నాక్రమించి పగటివెలుతురును బూడిదవన్నెకు దెచ్చియుండ, గాలి స్తంభించి యాకు గదలక పక్షి కూయక నదియు బ్రవహించుట మఱచెనో యనునట్లు తోచుచుండిన యొక జ్యేష్ఠ బహుళ పంచమీ ప్రభాతమున నీలవరపు సంస్థానమందు మాత్రము మంగళవాద్యములు మ్రోగుచుండెను. దివాణము ముంగిట నాలుగేండ్లుగా లేచుచున్న కొలువుకూటపు మహాగుమ్మటముపై నాడు పది గడియల ప్రొద్దెక్కునప్పటికి రాతిశిఖరము నిలుపవలసియుండెను. మఱి పది దినములలో నాషాఢము వచ్చును. శూన్యమాసమున శిఖరము నిలుపరాదు గనుక రాజుగారి తొందర రాజుగారికి గలదు.

ఆ గుమ్మటమును గట్టిన స్థపతి రుద్రోజు సోమలింగాచారి యేబదియేండ్లు దాటినవాడు. పందిటిలో జనము చేరకమునుపే యాతడొంటరిగా బరంజా యెక్కి గుమ్మటపు నడుముకడ మోకాళ్లూని కూర్చుండియుండెను. నాలుగు దినముల క్రిందట శిఖరమునకు బీఠముగా మొదటి రాళ్లవరుస పేర్చినంతనే యచట వెండ్రుకవాసి పగులొకటి కానవచ్చెను. ఆతడు దానికడ్డముగా జిటికెనవ్రేలి మందమున గచ్చుపట్టీ యొకటి పూసెను. కట్టడము కదలకున్న గచ్చు నిలుచును, కదలిన జిట్లును. ఆ యుదయమున బట్టీ రెండు తునుకలై యుండెను.

"ఏమన్నా, తెల్లారకుండానే గుమ్మటం చెవిలో రహస్యాలేంటి? కిందికి రా, నీ మరదలు చద్దన్నం కలిపింది" అని క్రిందినుండి తమ్ముడు వీరన్న నవ్వుచు బిలిచెను. వీరన్న పనివాండ్రకు మేస్త్రి. అన్నమాట వేదవాక్కుగా నెంచువాడు. ఎత్తుపనియందు దానుండక యొరుని నిలుపువాడు కాడు. సోమలింగాచారి చిట్లిన పట్టీపై దన పైపంచె చెఱగు గప్పి "వచ్చుచున్నా"నని మాత్రమనెను. ఎందుకు గప్పెనో యాతనికే తెలియదు.

ఈ యుపద్రవమునకు మూలమొక పటముల సంపుటము. ఐదేండ్ల క్రిందట నుద్యోగము చాలించి స్వదేశమునకు బోవుచున్న దొర యొకడు రాజా విజయగోపాల జగపతివారికి స్నేహచిహ్నముగా దానినిచ్చిపోయెను. పూర్వము లండను పట్టణము మహాగ్నికి భస్మమైన పిమ్మట క్రిష్టఫరు రెన్ను అను శిల్పిశ్రేష్ఠుడు గట్టిన గుళ్లును రాజభవనములును రాగిఱేకులపై జెక్కి కాగితములపై నచ్చొత్తిన ప్రాతపటములవి. ఒకదానియందు మేఘమును గ్రుచ్చు సూదిమొన గోపురము, మఱియొకదానియందేటియొడ్డున బారులుదీరిన గవాక్షముల రాణివాసపు మేడ, అన్నిటికిని మిన్నగా సెయింటుపాలు దేవాలయపు గుమ్మటము. ఆ గుమ్మటమును జూచినది మొదలు రాజుగారికది తమ ముంగిట లేకుండుట యపరాధముగా దోచెను. శిలువయున్న చోట గలశముంచి తక్కినదంతయు నట్లే కట్టుమని స్థపతికాజ్ఞయయ్యెను.

సోమలింగాచారికింగ్లీషు రాదు. అక్షరములు రాకున్నను గీతలు వచ్చును గదా యని యాతడాఱు మాసములా సంపుటము ముందు గూర్చుండి కొలబద్దతో గొలిచి కొలిచి లెక్కలు వ్రాసికొనెను. రానురాను సముద్రముల కావల రెండువందల యేండ్ల క్రిందటి యా శిల్పిపై నాతనికొక చుట్టఱికము గలిగెను. "ఈ రెన్నుగారును మన విశ్వకర్మ సంతతియే యైయుండును; ఇంటిపేరు మాత్రము పడవలో బోయి"నదని తమ్మునితో బరిహాసమాడువాడు.

ఆ పటములలో ముప్పదియొకటవది వింతపటము. దానియందదే దేవాలయము నడినెత్తినుండి పునాదివఱకు నొకవైపు గోడలేకుండ దెఱచుకొనియుండెను. మెట్లు, కమానులు, చీకటిగదులు సర్వము బయలుపడియుండెను. లోపలనొక గుమ్మటమును వెలుపలనొక గుమ్మటమును గలవు. ఆ రెండింటి నడుమ నందచందములు లేని బోడిగోడ యొకటి ధాన్యపుగాదె కొప్పువలె జుట్టును లేచి పైకిబోవుచుండెను. సోమలింగాచారి దానిని జూచి "అయ్యో, ఇంత గొప్ప గుడియు గూలిపోయినదా!" యని కన్నులనీరు దెచ్చుకొనెను. ఆ బోడిగోడ శిథిలములు జాఱకుండ దరువాతివారు పోటుగా గట్టినదని తలంచెను. భిన్నమైన రూపము పనిచోట నుండరాదని యాతని తండ్రి చెప్పినమాట. చేయివిఱిగిన ప్రతిమను నీటవిడుచుట యా యింటి యాచారము. శంకుస్థాపనకు ముందునాడు పనిముట్లతో గూడ సంపుటమును బీటపై బెట్టి పూజింపవలసినప్పుడాతడా పత్రమును నేర్పుగా గోసి తీసి పసుపుకుంకుమలుంచి గౌతమిలో విడిచెను. అంత భక్తితో జేసిన తప్పు సంస్థానమున మఱియొకటి లేదు.

ఇప్పుడా పరంజా దిగి వచ్చుచున్నవానికి బందిటి ప్రక్క గదిలో నుపదేశి దేవసహాయము సంపుటమును త్రిప్పుచు గనబడెను. అతడు మిషనుబడియం దింగ్లీషు చెప్పు సాధువు. ఉత్సవమును జూడవచ్చి పటముల సంగతి విని రాజుగారి యనుమతితో జూచుచుండెను.

"ఆచారిగారూ, తుదనున్న పట్టికలో నలువది పటములున్నవి. ముప్పదియొకటవది కానరాదేమి?"

"అది కూలిన గుడి పట మండీ. అశుభమని నీట విడిచితిని."

దేవసహాయము పట్టికపై వ్రేలుంచి మెల్లగా జదివి తల యెత్తెను. "కూలిన గుడి గాదండీ. కోసిన గుడి. గుమ్మడికాయను గోసి గింజలు చూపినట్లు కట్టడపు లోపలిభాగము తెలియుటకై నిలువున గోసినట్లు వ్రాసిన పటము. వారి శిల్పులకది వాడుక."

"అందు గాదెకొప్పువంటి గోడ యొకటి యుండెను."

"దానిని గూర్చి నేను జదివియున్నాను. పైనున్న రాతిశిఖరపు బరువంతయు మోయునది యదియే. వెలుపల మనకగపడు గుమ్మటము కొయ్యకూర్పుపై సీసపుఱేకు గప్పినది, కంటికింపు మాత్రమే. లోపలిదియు నంతియే. నడుమనున్న యిటుకకొప్పును జూచినవారుండరు." ఇట్లు చెప్పుచు నతడు స్థపతి మొగము జూచి సగములో నాగెను. "మీ గుమ్మటమున నదియున్నది గదా?"

లేదు. పైన పటారము లోన లొటారమని పల్లెజనము నవ్వులాటకనుమాట సోమలింగాచారికి నాలుగేండ్ల పనియై యెదుట నిలిచెను. ఇరువది బండ్ల రాతిశిఖరము నొట్టి యిటుకచిప్పపై నిలుపబోవుచున్నాడు; ఆ చిప్ప యప్పుడే బీటవాఱినది. ఆపవలెను. ఆపిన శిఖరము క్రింద నిలుచును, పరంజాపైనున్నవారు బ్రదుకుదురు, ఆఱుతరముల రుద్రోజువారి పేరు మాత్రము పోవును.

పేరు పోయిన బోవుగాకయని యాతడు పరువుపరువున బందిరి జొచ్చెను. దేవుడు సాక్షి, ఆ క్షణమున నాతని బుద్ధి నిర్మలముగానే యుండెను. కాని పొరుగు జమీందారులు నలువురు చుట్టుగూర్చుండియుండ రాజుగారాతని రాక జూచి సంతోషమున లేచి, నోరు తెఱచులోపలనే చేయిపట్టి సువర్ణకంకణము దొడిగి "ఇంగ్లీషువారి రెన్నునకు మా సోమలింగము దీసిపో"డనిరి. సభ కరతాళధ్వనులు చేసెను. ముంజేతి కంకణమునకద్దమేల యందురు. ఆ కంకణమే యద్దమై యాతడు తన్ను జూచుకొని భయపడెను. చెప్పవచ్చిన మాట చెప్పక పరంజా మొదటికి నడచెను. ముహూర్తము కానిచ్చి మఱునాడు రహస్యముగా శిఖరము దింపింపవచ్చునని మనసొక యుపాయము సెప్పెను. నాలుగునాళ్లు నిలిచిన కట్టడ మింకొక్కనాడు నిలువదా యని మఱియొకమాట యనెను.

పైన నలువదిమంది మోకులు పట్టి కాచుకొనియుండిరి. కప్పీలకు వ్రేలాడుచు శిఖరపు రాతిమంటపము గుమ్మటము మీద జానెడెత్తున నూగుచుండెను. వీరన్న పీఠము ప్రక్కన నిలిచి గోచి బిగించి "అన్నా, గడియ దాటిపోతోంది! దింపమంటావా?" అని కేకవేసెను.

పనివాండ్ర వాడుకలో స్థపతి చేయెత్తిన దింపవలెను. అరచేయి యడ్డముగా నూపిన నాపవలెను. సోమలింగాచారి యొక్క రెప్పపాటు గాదు, పది రెప్పపాటులంతసేపు, కదలక నిలిచెను. పిమ్మట గంకణముతో గూడిన చేయి పైకెత్తెను.

శిఖరము దిగెను. మంగళవాద్యములు మిన్నుముట్టెను. నాలుగు మాటలాడునంతసేపు గుమ్మటము దానిని మోసెను. తరువాత లోపలినుండి పెద్దనిట్టూర్పువంటి చప్పుడొకటి వినబడి తూర్పువైపు సగము గుమ్మటమును దాని క్రింది గోడయు గూర్చుండినట్లు క్రుంగి రాయి యిటుక గచ్చు పరంజాలతో నేలగూలెను. ధూళి యణగుటకొక జాము పట్టెను. వీరన్నయు మఱియిద్దఱు కూలివాండ్రును దానిక్రింద దొరకిరి.

ఆడలేక మద్దెల యోడన్నట్లు దోషమంతయు ముహూర్తముపైకి బోయెను. ఆస్థానజ్యోతిష్కుని వృత్తి తీసి యూరు వెడలనడచిరి. పదునొకండవనాడు సోమలింగాచారి కంకణమును బళ్లెరమందుంచి రాజసన్నిధికి బోయి "మహాప్రభూ, దోషము ముహూర్తముది గాదు, నాది. నేను పటము నపార్థము చేసికొంటిని, తెలిసిన పిమ్మటను నాపనైతి"నని సాష్టాంగపడెను.

రాజుగారు కిటికీ వైపు జూచి "ముహూర్తము చెడినదన్న నది దైవికము. మా స్థపతికి బని తెలియదన్న నది మాకు దలవంపు. ఈ మాట మఱియొకచోట నాడకుము" అని లేచిపోయిరి. కంకణము పళ్లెరములోనే యుండిపోయెను. దేవసహాయము తానెఱిగినదెవ్వరికి జెప్పలేదు. ఆదివారమునాడు మాత్రము సోమలింగాచారి యింటిముందుగా బోవుచు నొకసారి నిలిచి వెడలువాడు.

దివాణమును మెఱక మీది ప్రాతకోటకు మార్చిరి. కూలినది కూలినట్లే విడువబడెను. శ్రావణమాసమున నొకనాడు సోమలింగాచారి యచటికి బోయి యెదుట నిలిచి నిర్ఘాంతపడెను. పడమటి సగము నిలిచియున్నది. తూర్పుగోడ పోగా మెట్లు కమానులు చీకటిగదులు సర్వము బయలుపడియున్నవి. తాను పసుపుకుంకుమలుంచి గౌతమిలో విడిచిన పటము తన చేతిపనియై తిరిగివచ్చి యెదుట నిలిచెను. ఆ పటమునకును దీనికిని భేదమొక్కటియే: నడుమనుండవలసిన బోడిగోడ యిందులేదు.

నాటినుండి యాతడుళి ముట్టలేదు. ఆ శిథిలము ముందొక రాతిపై గూర్చుండి దూరదేశములనుండి పని నేర్వవచ్చిన మేస్త్రులకు దానిని జూపి "ఇందు లేనిదేది?" యని యడుగుచుండెను. కలశమని కొందఱు, తూర్పుగోడయని కొందఱు చెప్పెదరు. ఆతడు తల యాడించి యిసుకపై గాదెకొప్పును గీసి చూపి తన తప్పు మొదటినుండి తుదివఱకు జెప్పును. మతి చలించినదని యూరివారు జాలిపడిరి. ఇట్లూరూరి వారికి జెప్పినవాడొక్కరికి మాత్రము చెప్పలేదు. వీరన్న భార్య కాళమ్మ యా యింటనే యుండి ప్రతిదినమును మధ్యాహ్నమాతనికన్నము దెచ్చుచుండెను. ఆమె వచ్చు సవ్వడియైన మాటమార్చువాడు.

ఇట్లేడేండ్లు గడచెను. మరల జ్యేష్ఠమాసపు మబ్బుక్రింద నొకనాడు మేస్త్రులిద్దఱాతని ప్రశ్నకు సమాధానము వెదకుచుండ గాళమ్మ వెనుకనుండి వచ్చి మూటను రాతిపై బెట్టి యనెను.

"ఇందులో లేనిది మా ఆయన, బావగారూ."

మేస్త్రులు తలలు వంచుకొని తొలగిపోయిరి. సోమలింగాచారి రాతిపైనుండి లేచెను. "అమ్మా, ఆనాడు నేను చేయెత్తితిని" అనెను.

"అది అందరూ చూశారు. నేనూ పందిట్లోనే ఉన్నాను. మీరు చెయ్యెత్తే ముందు కాసేపు ఆగారు. అది నేనొక్కదాన్నే చూశాను. ఎందుకాగారో ఏనాటికైనా మీ నోటితో చెబుతారని ఏడేళ్లుగా అన్నం తెస్తున్నాను."

ఆతడు చెప్పెను. చిట్లిన గచ్చుపట్టీ, పైపంచె చెఱగు, దేవసహాయము పలికిన పలుకు, కంకణము, మఱునాడు దింపింతునని తలచిన తలపు, ఒక్కటియు దాచలేదు. ఆమె నిలుచుండియే వినెను. ఏడువలేదు, తిట్టలేదు. ముగిసిన పిమ్మట మూట విప్పి విస్తరి వేసి వడ్డించి నీళ్లచెంబు కుడిచేతివైపునుంచి వచ్చిన త్రోవనే వెడలిపోయెను.

లోకము మెచ్చు గుమ్మటములను మోయునది లోకమున కగపడదు. అది లేనినాడు గాని దాని బరువెంతయో తెలియదు. మఱునాడు మృగశిర తొలివాన కురిసి తెఱచియున్న సగము గుమ్మటములోనికి ధారలుగా గాఱుచుండెను. సోమలింగాచారి యెప్పటివలెనే రాతిపై గూర్చుండియుండెను. మధ్యాహ్నమయ్యెను, ప్రొద్దు వాలెను, అన్నము రాలేదు. ఆత డెదురుచూడనులేదు.