జీతమొచ్చే జ్వరం

తడి దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి బల్ల మీద పరిచాడు బాబాయ్. ఇస్త్రీపెట్టె వెళ్లిన చోటల్లా ఆవిరి బుస్సుమంటోంది. పై అంతస్తుల హోటలు గదుల దుప్పట్లన్నీ ఆ నేలమాళిగలో అతని చేతి కింద నుంచే వెళ్లాలి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. పెళ్లయిన కొత్తలో చేరినవాడికి ఇప్పుడు మనవరాలు; అక్కడి పనివాళ్లందరికీ బాబాయే. రాని రోజుకు జీతం లేదు కనుక, జ్వరమొచ్చినా మాత్ర మింగి వచ్చేవాడు.

పొద్దుటి టీ వేళకు సూపర్‌వైజర్ మెట్లు దిగి వచ్చాడు.

"ఇవాళ్టి నుంచి మీకో సాయం చేస్తామంటున్నారు ఓనరుగారు. జబ్బు చేస్తే సెలవుకి జీతమా, మనిషి పోతే ఇంట్లోవాళ్లకి డబ్బా? ఏదో ఒకటే. మధ్యాహ్నం నేనాయనకి ఫోన్ చేసి చెప్పాలి. సెలవు జీతం కావాలన్నవాళ్లు చేతులెత్తండి."

అందరూ బాబాయ్ వైపు చూశారు.

"నేను పోయాక మా ఆవిడ షికార్లు కొడితే చూడ్డానికి నేనుండనుగా! జీతమొచ్చే జ్వరం ఒక్కటిప్పించండి సార్, కాళ్లు బారజాపుకుని మరీ పడతాను" అంటూ చెయ్యెత్తాడు.

నవ్వుతూనే అందరూ ఎత్తేశారు. దించాక అతను భుజం నొక్కుకోవడం దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి చూసింది.

"ఏంటి బాబాయ్?"

"పట్టేసిందమ్మా. రేపు పడుకుంటాలే, దర్జాగా."

భోజనాలయ్యాక ఆమె దుప్పటి కొస అందించింది. "అటు పట్టుకో బాబాయ్." గోడకు జారగిలబడి కూర్చున్న అతను పట్టుకోలేదు. చెయ్యి తాకి చూసింది. ఇస్త్రీ వేడికి ఇంకా వెచ్చగానే ఉంది. అందుకే ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

డాక్టరు వచ్చి, గుండె ఆగిపోయిందన్నాడు.

సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. సంగతి చెప్పాడు. అవతలి ప్రశ్న విని, ఫోన్ చేత్తో మూసి వీళ్లను చూశాడు. "పొద్దున మీరేం కోరారని..."

అమ్మాయి చెయ్యెత్తింది. "పోతే ఇంట్లోవాళ్లకే అన్నాం సార్."

ఒక్కొక్క చెయ్యే పైకి లేచింది.

"మరి మీకు జ్వరమొస్తే?"

"వస్తాం సార్, పనికి."

సూపర్‌వైజర్ ఫోన్ మీంచి చెయ్యి తీశాడు. "డబ్బు కుటుంబానికేనన్నారండీ. అందరూ. ఆయనతో సహా."

బాబాయ్‌ని మోసుకెళ్లారు. బల్ల ముందు, అతను నిలబడే చోట, నాలుగు మడతలు వేసిన పాత కంబళి ఉంది. దాని మీద రెండు పాదాల గుంటలు, లోతుగా.