మూడో మాట

“నీకేమనిపించింది?” అని మా ఆయన అడిగినప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. అడిగింది నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, బైబిల్ ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు పైనుంచి నావైపే చూస్తున్నాడు. పక్కన పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తయ్య కూడా చెయ్యి ఆపి, కొడుకు వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది.

పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన నన్ను చాలా అడిగాడు. తువ్వాలు ఎక్కడ పెట్టావు, కొక్కేల డబ్బా ఏ అరలో ఉంది, కూరలో ఉప్పు వెయ్యలేదా లేక నీకే మతి లేదా. నాకేమనిపించిందని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ప్రార్థన కూటంలో నేనెప్పుడైనా నోరు విప్పబోతే, “నీకు తెలిసింది దారాలూ గుండీలూ. వాటి సంగతి వచ్చినప్పుడు చెబుదువుగానిలే” అని నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అక్కడ ఆ కాస్త నవ్వు ఖర్చు పెట్టకపోతే ఇంటికెళ్లాక ఇంకా ఎక్కువ ఖర్చవుతుందని నా లెక్క.

మాది కుట్టుసామాను దుకాణం. గుండీలు, జిప్పులు, లేసులు, దారం ఉండలు. గల్లా దగ్గర ఆయన కూర్చుంటాడు. బోర్డు మీద ఉన్నదీ ఆయన పేరే. ఏ గుడ్డకి ఏ గుండీ నప్పుతుందో చెప్పేది, సరుకు తెప్పించేది, ఏది ఎప్పుడు అడుగంటుతుందో చూసుకునేది నేను. సంఘంలో కూడా ఆయన పెద్ద. ఈ ఏడు ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాల్లో రోజుకో వాక్యభాగం మీద ధ్యానం చెప్పి, దాన్ని రికార్డు చేసి సంఘస్తుల ఫోన్లకి పంపే పని ఆయనకి అప్పగించారు. నా ఫోను పాతది, పిలిస్తే పలకడం తప్ప ఇంకేమీ తెలియనిది. ఆయన ఏం పంపుతున్నాడో నాకు వినపడదు. ఆయన దగ్గర వాక్య వివరణ పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. వాటిలోంచి చెబుతున్నాడనుకున్నాను.

ఆ మొదటిరోజు చదివింది, ఒక కుర్రాడి దగ్గరున్న ఐదు రొట్టెలతో యేసు ఐదువేలమందికి కడుపు నింపిన సంగతి. నోటికొచ్చింది అనేశాను. “ఆడవాళ్లనీ పిల్లల్నీ వదిలేసి లెక్క రాశారు. పోనీలెండి. ఆ కుర్రాడి సంచిలో రొట్టెలు కాల్చి పెట్టిన మనిషి ఎవరు? అద్భుతం మొదలైంది ఆ పొయ్యి దగ్గర కదా. ఆమె పేరు ఎక్కడా లేదే?”

“ఊఁ” అన్నాడు. “బాగుంది.”

బాగుంది! ఆ ఒక్క మాటతో రోజంతా దుకాణంలో తేలికగా తిరిగాను. మర్నాడు మళ్లీ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. లేసు కొలుస్తూ, గుండీలు ఏరుతూ, తరవాతి భాగం ఏమై ఉంటుందా అని ఆలోచించుకోవడం అలవాటైంది. ఈ మనిషితో నేను ఎక్కువ నష్టపోయానని ఇన్నాళ్లూ మనసులో రాసుకున్న లెక్కని కొట్టేయాలేమో అని కూడా అనుకున్నాను. అంత వెర్రి సంతోషం.

ఒక పొద్దున ఆయన సిలువ దగ్గర యేసు తల్లి నిలబడి ఉన్న భాగం చదివాడు. నేను పొయ్యి తగ్గించాను. ఎవరికీ చెప్పని మాట ఒకటి నోట్లోకి వచ్చేసింది.

“నిలబడి ఉందని రాశారు చూశారా, కూర్చుందని రాయలేదు. నాకు తెలుసు ఎందుకో. పాప పోయిన రోజు ఆసుపత్రి వరండాలో నన్ను కూర్చోమని అందరూ అన్నారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే ఒడి ఖాళీగా కనబడుతుంది. అందుకే సాయంత్రం దాకా నిలబడే ఉన్నాను.”

అత్తయ్య ముక్కు చీదింది. ఆ రోజు నాతో ఉన్నది ఆవిడే. మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చూపు దించుకుని ఉన్నాడు. ఆయన లోపల కూడా పాప ఉందన్నమాట అనుకుని, ఆ పూట ఆయన కంచంలో కూర ఇంకో గరిటె ఎక్కువ వేశాను.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం దాటాక మాకు పాత గిరాకీ అయిన దర్జీ చెల్లెమ్మ జిప్పులకని వచ్చింది. మా ఆయన భోజనానికి ఇంటికి వెళ్లాడు.

“అక్కా, అన్నయ్యగారు ఎంత బాగా చెబుతున్నారే! మిషను తొక్కుతూ రోజూ అదే వింటున్నాను. ఆడవాళ్ల మనసు ఇంత బాగా తెలిసిన మగాణ్ణి నేను చూళ్లేదు తల్లీ. మా ఇంట్లో ఉన్నాడు ఒకడు, నా కొలతలే తెలీవు, ఇంక మనసేం తెలుస్తుంది!”

ఫోను బల్ల మీద పెట్టి వినిపించింది. గొంతు మా ఆయనది. “ఆ కుర్రాడి సంచిలో రొట్టెలు కాల్చి పెట్టిన మనిషి ఎవరు?” ఇంకోటి పెట్టింది. అదీ నాదే. ఎక్కడ ఆగానో అక్కడే ఆగాడు.

నా చేతిలో జిప్పు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. అయినా వ్యాపారం చేసేదాన్ని, సర్దుకున్నాను. నేను ఏరిన సరుకు ఆయన పేరుతో అమ్ముడవడం కొత్తేమీ కాదు కదా. “సిలువ దగ్గర తల్లి మీద చెప్పింది ఉందా?” అని అడిగాను. వెతికి, “లేదక్కా, ఆ రోజు ఇంకేదో చెప్పారు” అంది. ప్రాణం కుదుటపడింది. ఎంతైనా తండ్రి, అది మాత్రం ముట్టుకోలేదు అనుకున్నాను.

శుభశుక్రవారం మధ్యాహ్నం ఏడుగురు మనుషులు లేచి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ఒక్కో మాట ధ్యానిస్తారు. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట మా ఆయనకి వచ్చింది. నేను ఆడవాళ్ల వరసలో దర్జీ చెల్లెమ్మ పక్కన కూర్చున్నాను.

“మాకో పాప ఉండేది” అని మొదలుపెట్టాడు.

నా చెవుల్లో ఏదో మూత పడ్డట్టయింది.

“ఆ రోజు ఆసుపత్రి వరండాలో నా భార్య ఒక మూల కూలబడి ఏడుస్తోంది. నేను మాత్రం కూర్చోలేకపోయాను. కూర్చుంటే ఒడి ఖాళీగా కనబడుతుంది. అందుకే సాయంత్రం దాకా నిలబడే ఉన్నాను.”

మందిరంలో ఎవరో వెక్కారు. ముందు నాకు అర్థమే కాలేదు. ఆ వరండా నాకు తెలుసు, సున్నం రాలిన గోడ తెలుసు. అందులో నిలబడ్డ మనిషిని పోల్చుకోలేకపోయాను. ఆయన ఆ రోజు అక్కడ లేనే లేడు. సరుకు లారీ దిగుతుందని దుకాణంలో ఉన్నాడు. చీకటి పడ్డాక వచ్చాడు. ఆ మౌనం, ఆ దించుకున్న చూపు, నేను దుఃఖం అనుకున్నది… ఆయన మాట మాటా బట్టీ పడుతున్నాడు. మేలైన సరుకు కదా, పెద్దరోజుకని తీసి పక్కన పెట్టుకున్నాడు. నేను ఆయనకి ఎక్కువ కూర వడ్డించాను.

దర్జీ చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి నొక్కింది. “ఎంత అదృష్టవంతురాలివక్కా. నువ్వు కూలబడ్డా ఆయన నిలబడ్డాడు.”

“నిలబడింది నేనే” అన్నాను.

జాలిగా చూసింది. “ఊరుకో అక్కా. ఆ బాధలో నీకేం గుర్తుంటుంది?”

శనివారం దుకాణంలో నీలం గుడ్డకి ఆకుపచ్చ గుండీలు కట్టిచ్చాను. తెచ్చినావిడ తిరిగొచ్చి, “ఏమ్మా, ఒంట్లో బాలేదా?” అంది. నా చేతిలో అలాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయన్ని అడిగాను.

“నన్నెందుకు కూర్చోబెట్టారు?”

“ఎక్కడ?”

“పాప పోయిన రోజు.”

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. కోప్పడతాడేమో, బుకాయిస్తాడేమో అనుకున్నాను. అదేం లేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు. “అదేమిటి, నువ్వు కూర్చునే ఉన్నావు కదా? నాకు బాగా గుర్తుంది.”

అబద్ధమైతే బేరమాడొచ్చు. ఈయన నమ్ముతున్నాడు.

“నువ్వు అక్కడ లేవురా” అంది అత్తయ్య మెల్లగా. “కబురు పెడితే లారీ దిగాక వస్తానన్నావు.”

“నువ్వు కూడా ఏంటమ్మా! ఎవరు నిలబడితే ఏమైంది, నలుగురికీ ఆదరణ కలిగిందా లేదా? భార్యాభర్తలు ఏకశరీరమని వాక్యమే చెబుతోంది.” అని మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

ఆ ఏకశరీరంలో నోరు ఆయన వాటాకి వచ్చింది, చేతులూ కాళ్లూ నా వాటాకి. ఇన్నాళ్లూ ఆ పంపకానికి నేను ఒప్పుకునే ఉన్నాను. ఇప్పుడు ఆ కాళ్లు కూడా తనవేనంటున్నాడు. ఇంకొన్నేళ్లు పోతే అత్తయ్య ఉండదు, చూసిన మనిషి ఉండదు. మందిరం నిండా జనానికి మాత్రం నేను కూలబడ్డట్టే గుర్తుంటుంది. పోనుపోను నాకూ అలాగే గుర్తుంటుందేమో. ఆ భయంతోనే లేచాను. ఎంగిలి కంచాలు అలాగే వదిలేసి బయల్దేరాను. అత్తయ్య ఎక్కడికని అడగలేదు, కంచాలు తనే తీసింది.

మందిరంలో పాస్టరుగారు ఒక్కరే బల్లలు సర్దుతున్నారు. రేపు ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనలో ధ్యానం నేను చెబుతానన్నాను.

ఆయన చేతిలో బల్ల దించారు. “సంతోషం, అమ్మా. కానీ అది మీవారికి ఇచ్చింది కదా. ఆయన్ని అడిగారా?”

“రేపటి భాగంలో ఆడవాళ్లు సమాధి దగ్గరికి ఎవర్ని అడిగి వెళ్లారండీ?”

నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. “వాళ్లు వచ్చి యేసు లేచాడని చెబితే మగవాళ్లు నమ్మలేదు కదమ్మా.”

“నిన్న నన్నూ నమ్మలేదు. ఆడమనిషే నమ్మలేదు. అయినా చెప్పాలి.”

ఆయన దించిన బల్లని గోడ వారకి జరిపి, “మందిరం అందరిదేనమ్మా. చెప్పండి” అన్నారు.

ఈస్టరు రోజు ఇంకా తెల్లవారలేదు. అత్తయ్య తయారై చేతికర్ర పట్టుకుని గుమ్మం దగ్గర ఉంది. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, బైబిల్ చంకన ఇరికించుకుని నా దగ్గరికి వచ్చాడు. సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్ల భాగం గబగబా చదివేశాడు.

“టైం లేదు, తొందరగా చెప్పు. నీకేమనిపించింది?”

“నాకనిపించింది నేనే చెబుతాను. పాస్టరుగారితో మాట్లాడాను” అన్నాను చెప్పులు వేసుకుంటూ. “మీరు ముందు వరసలో కూర్చోండి.”