పక్కింటి రేడియోలు

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు రకాల వార్తలు చదివేవాళ్ళు. ఒకటి నిన్నటిది. ఇంకొకటి నలభయ్యేళ్ళ కిందటిది.

నిన్నటిది కోడలు చదివేది, ఫోన్లో. ఆమె పక్క వీధిలో ఒక చిన్న కంపెనీలో రేడియో ఇంజనీరు. తీగ లేకుండా వస్తువుల చేత మాట్లాడించడం ఆమె పని. పాతది మామగారు చదివేవాడు, ఎలక్ట్రానిక్స్ పత్రికల్లోంచి. ఆయన బస్సు కండక్టరు చేసి దిగిపోయిన మనిషి. దిగిపోయి ఎన్నాళ్ళయినా వీధిలో కండక్టరనే అంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ నెలపత్రికను టిక్కెట్ల సంచిలో పెట్టుకుని ఊరంతా తిప్పాడు గాని, అందులో బొమ్మ వేసి చూపించిన రేడియో సెట్టు ఒక్కటీ కట్టడానికి తీరిక దొరకలేదు.

"అమ్మాయ్, ఇది విన్నావా? ముందు ముందు టెలిఫోను జేబులో పెట్టుకు తిరుగుతారట."

కోడలు చేతిలో ఫోనుంది. దాన్ని చూపించి ఆయన్ని చిన్నబుచ్చే పిల్ల కాదు. "తిరగనివ్వండి మామయ్యా. నా వార్త వినండి. నువ్వుగింజంత చిప్పులో రేడియో మొత్తం ఇమిడ్చారట. ఏరియల్‌తో సహా."

"నువ్వుగింజంతలోనా? చెడిపోతే ఎలా విప్పుతారు?"

"విప్పరు. పారేస్తారు."

"విప్పడానికి లేనిది రేడియో ఏమిటి నా మొహం!"

వంటింట్లోంచి అత్తగారు అందుకునేది. "అయ్యాయా మీ వార్తలు? ఇవాళ్టిది నేను చెప్తాను. కూరగాయల్లేవు."

ఆయన లేచి సంచీ పట్టుకునేవాడు.

కండక్టరుకు తీరని కోరిక ఒకటుంది. ఆ పత్రిక చివర పాఠకుల పేజీ ఉండేది. అందులో తన మాట ఒక్కటి అచ్చులో చూసుకోవాలని వయసులో ఉన్నప్పుడు కార్డు మీద కార్డు రాశాడు. ఒక్కటీ వెయ్యలేదు. ఆఖరికి పత్రికే మూతపడింది. "మీ కార్డులకు జడిసే మూసుకుని ఉంటారు" అనేది భార్య.

ఇప్పుడు తీరిక దొరికింది. ముందు గదిలో బల్ల వేసుకుని సెట్టు కట్టాడు. చెక్క మీద మేకులు, మందు సీసా మీద చుట్టిన రాగి తీగ, చెవులకి పెట్టుకునే పాత హెడ్‌ఫోను. కోడలికింకా చూపించలేదు. దూరదేశపు స్టేషను ఒకటి నిండుగా పట్టాక పిలిచి వినిపించాలని ఆయన ముచ్చట. అందుకే ఆమె ఆఫీసుకి, కొడుకు మిల్లుకి వెళ్ళాక తీరిగ్గా మొదలుపెట్టేవాడు. వాళ్ళొచ్చే వేళకి బల్ల మీద దుప్పటి కప్పేసేవాడు.

సెట్టు సరిగ్గా కుదిరితే చెవిలో జలపాతం హోరు వినబడుతుందని, మీట తిప్పుకుంటూ పోతే ఆ హోరులోంచి స్టేషన్లు పైకి తేలతాయని పత్రికలో రాశారు. రాసినట్టే హోరు వినబడింది. కిందను చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది: "హెచ్చరిక. మీటను మితిమీరి తిప్పితే, వినవలసిన సెట్టే అరవడం మొదలుపెడుతుంది. పక్కింటి రేడియోలకు ఇబ్బంది. పాఠకులు ఇరుగుపొరుగును గమనించగలరు."

కండక్టరు రూలు తప్పే మనిషి కాదు. చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"అమ్మా, మీ ఇంట్లో రేడియో ఉందా?"

"లేదు బాబాయ్ గారూ."

దర్జీ కుట్టుమిషను ఆపి మరీ నవ్వాడు. "రేడియోనా? ఇంకా నయం, గ్రామఫోను అడిగారు కాదు!"

తాళాలు చేసేవాడి దగ్గర లేదు. రొట్టెల కొట్టులో లేదు. మేడమీద లెక్కల మాస్టారి దగ్గర ఒకటుంది గాని అది బొమ్మ, లోపల అగ్గిపెట్టెలు పెట్టుకుంటాడు. ఊరుకి ఊరు ఇలా అయిపోయిందేమిటని కాస్త బాధపడ్డాడు. మనకి మాత్రం మేలే అయిందని కాస్త సంతోషించాడు. ఇంటికొచ్చి, మనసులో ఏ శంకా లేకుండా, మీట చివరికంటా తిప్పాడు.

సరిగ్గా ఆ వారంలోనే కోడలు మొహం వేలాడేసుకుని రావడం మొదలైంది.

వాళ్ళ కంపెనీ వాళ్ళు నీళ్ళ ట్యాంకుకి ఒక పరికరం చేశారు. మేడమీద ట్యాంకు నిండగానే అది కింద మోటారుకి ఆగమని చెప్తుంది, గాల్లోనే. ఎవరూ పరుగెత్తుకెళ్ళి మీట నొక్కక్కర్లేదు. వాళ్ళ ఆఫీసు మేడమీదే పెట్టి చూస్తే నెలంతా చక్కగా పనిచేసింది. ఇప్పుడు మాత్రం పొద్దెక్కేసరికి చెవిటిదైపోతోంది. ట్యాంకు నిండుతోంది, మోటారు ఆగదు, నీళ్ళన్నీ మేడ అంచు మీదుగా దూకి కంపెనీ యజమాని స్కూటరు మీద పడుతున్నాయి.

"ఎవరో గాల్లో గొంతు చించుకుని అరుస్తున్నారు మామయ్యా. ఆ గోలలో మా దాని మాట వినబడటం లేదు. శుక్రవారం ఇళ్ళు కట్టే కాంట్రాక్టరొస్తాడు చూడ్డానికి. నచ్చితే తను కట్టే ఇళ్ళన్నిటికీ కొంటాడు. అప్పుడు నా ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే వేరే చోటు చూసుకోమన్నారు."

కండక్టరుకి ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఆయన రేడియో మాట చెవిన వేసుకునేది ఆ పిల్లొక్కతే.

"ఎవడే ఆ అప్రాచ్యుడు? రేపు నేనొస్తాను. ఇద్దరం కలిసి వెతుకుదాం. దొరకాలే గాని, చెవి పట్టుకుని నడిరోడ్డు మీద దింపేస్తాను."

మర్నాడు కోడలు చేపముల్లులాంటి ఏరియల్ ఒకటి పట్టుకుని, దానికో చిన్న పెట్టె తగిలించి, వీధులన్నీ తిరిగింది. అరుపు ఎటునుంచి వస్తుంటే అటు తిప్పినప్పుడు పెట్టెలో సూది లేస్తుందిట. కండక్టరు ముందు నడుస్తూ, "జరగండి, జరగండి, డ్యూటీలో ఉన్నాం" అని జనాన్ని తప్పించాడు. సూది లేవలేదు. ట్యాంకు నిండింది, మోటారు బుద్ధిగా ఆగింది.

ఆయన ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, సెట్టు ముందు కూర్చున్నాడు. అక్కడ మళ్ళీ నీళ్ళు దూకాయి.

ఆ మర్నాడూ అంతే. ఆయన వస్తే అరుపు లేదు, వెళ్తే ఉంది. కోడలు మోటారు కట్టి ఏరియల్ పట్టుకొచ్చేసరికి అదీ ఆగిపోయేది. యజమాని స్కూటరు తుడుచుకుంటూ ఆలోచించాడు. జాతకాల పిచ్చి కాస్త ఉన్నవాడు.

"అమ్మా, మీ మామగారిది మంచి చెయ్యి. శుక్రవారం దాకా ఆయన్ని ఇక్కడే కూర్చోబెట్టు."

మేడ మీద నీడలో కుర్చీ వేశారు. గంటకోసారి టీ ఇచ్చారు. కండక్టరు కాలు మీద కాలేసుకుని, వచ్చిపోయే కుర్ర ఇంజనీర్లకి పాత పత్రికలోని సంగతులు చెప్పాడు. వాళ్ళు వినక ఏం చేస్తారు? ఆయన లేస్తే నీళ్ళు దూకుతాయని వాళ్ళ భయం.

"నన్ను చూస్తే ఆ అరుపుకి హడల్ అమ్మాయ్" అన్నాడు రాత్రి అన్నం దగ్గర.

"మిమ్మల్ని చూస్తే నిద్రకే హడల్" అంది భార్య. "గురక పెట్టి నన్ను రాత్రంతా కూర్చోబెడతారు." కోడలు నవ్వలేదు. ఏదో లెక్క కుదరక, కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

శుక్రవారం కాంట్రాక్టరొచ్చాడు. తెల్ల బట్టలు, కొత్త బూట్లు. మేడకింద నుంచుని, "ఏదీ, కానివ్వండి" అన్నాడు. మోటారు వేశారు. కుర్చీలో కండక్టరు గుడిలో విగ్రహంలా కదలకుండా కూర్చున్నాడు. నీళ్ళు నిండుతున్న చప్పుడు సన్నబడింది. ఇక ఆగాలి.

ఆగలేదు.

నీళ్ళు అంచు దాటి, ఒక్క క్షణం తటపటాయించి, నేరుగా కొత్త బూట్ల మీదికి దూకాయి.

యజమాని కిందనుంచి మేడమీది కండక్టరుని చూశాడు. నమ్మి మోసపోయిన చూపు. కుర్చీలోంచి లేస్తే మరీ పొంగుతుందేమోనని కండక్టరు లేవనైనా లేదు.

కోడలు మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. ఏరియల్ లాక్కుని మెట్లు దిగింది. వీధిలో అటూ ఇటూ తిప్పింది. సూది లేచి నుంచుంది.

"దొరికాడు మామయ్యా! రండి!"

కండక్టరు పరుగు లాంటి నడకతో వెంటపడ్డాడు. వెనకాల తడిబూట్లు కిచకిచమనిపించుకుంటూ కాంట్రాక్టరు, ఆయన వెనక యజమాని. ఏరియల్ రొట్టెల కొట్టు దాటించింది. దర్జీ ముందు నుంచి తిప్పింది.

"మన వీధిలోకే వచ్చాడు వెధవ!" అన్నాడు కండక్టరు. "ఎంత ధైర్యం!"

సూది ఇంకా పైకి లేచింది.

"మన ఇంటి పక్కనే ఎక్కడో దాక్కున్నాడు! లెక్కల మాస్టారంటావా? అగ్గిపెట్టెలన్నప్పుడే నాకు అనుమానం."

కోడలు నడక నెమ్మదించింది. సూది ఇక పైకి వెళ్ళడానికి చోటులేక అంచుకి కొట్టుకుంటోంది. ఏరియల్ తమ ఇంటి గుమ్మానికేసి చూస్తోంది. ఆమె తలుపు తోసింది.

ముందు గదిలో దుప్పటి కిందపడి ఉంది. వాలుకుర్చీలో అత్తగారు, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, నోరు తెరుచుకుని, పసిపిల్లలా నిద్రపోతోంది. మీట చివరికంటా తిప్పి ఉంది.

కోడలు చెయ్యి చాచి మీట వెనక్కి తిప్పింది. సూది కిందపడిపోయింది. హోరు ఆగేసరికి అత్తగారికి మెలకువొచ్చింది.

"ఎవరు కట్టేశారు? ఇన్నాళ్ళకి కన్నంటుకుంటే..." అని, గది నిండా మగవాళ్ళని చూసి కొంగు సర్దుకుంది. "పెళ్ళికొచ్చినట్టు ఇంతమందేమిటి?"

"ఏమే, నా సెట్టు నువ్వెందుకు ముట్టుకున్నావు? తెడ్డుతో కొట్టి పొయ్యిలో పెడతానన్నావుగా!"

"అన్నాను. ఇవాళ ఊరికే పెట్టుకు చూస్తే, వానలో పడుకున్నట్టుంది. మీ గురక వినీ వినీ ఉన్న చెవులు కదా."

కండక్టరు తెల్లబోయి కోడలి వైపు తిరిగాడు. "ఇది... ఇదేనా అమ్మాయ్? నేను కట్టిందా?"

"మీరు రోజూ దీన్ని ఆపేసి నా దగ్గరికొచ్చేవారు. అందుకే అరుపు పోయేది."

"హెచ్చరిక చదివాను తల్లీ! ఇల్లిల్లూ అడిగాను! ఒక్కరి దగ్గర కూడా రేడియో లేదన్నారు!"

"మామయ్యా, ఇప్పుడు అన్నీ రేడియోలే. ఫోను రేడియోనే. కారు తాళం రేడియోనే. మా ట్యాంకూ రేడియోనే. వాళ్ళకే తెలీదు, మీకేం చెప్తారు?"

కండక్టరు సెట్టు తీగలూడబెరికి, చెక్కని రెండు చేతులా ఎత్తి కాంట్రాక్టరు ముందు పెట్టాడు.

"దొంగ ఇదేనయ్యా. కట్టింది నేను, తిప్పింది మా ఆవిడ. పిల్ల తప్పు ఏమీ లేదు. ఆమె ఉద్యోగం మీద దెబ్బ కొట్టకండి. కావాలంటే దీన్ని మీ కళ్ళముందే విప్పేస్తాను."

కాంట్రాక్టరు మందు సీసాని చూశాడు, తన బూట్లని చూసుకున్నాడు. "ఇది విప్పేస్తే సరే. నేను కట్టే ఇళ్ళలో ఇలాంటి పెద్దాయన ఒక్కడైనా ఉండడా? అప్పుడేం చేస్తారు?"

కోడలు గీతలు గీసిన లెక్క అప్పుడు కుదిరినట్టుంది.

"తప్పు మా పద్ధతిలోనే ఉంది సార్. ఆగమనే మాట కోసం మోటారు కాచుకుంటోంది. ఆ మాట గోలలో పోతే నడుస్తూనే ఉంటుంది. అలా కాదు. మా మామయ్య బస్సులాగా ఉండాలి. ఈయన రైటు, రైటు అంటున్నంతసేపే కదలాలి. రైటు వినబడకపోతే ఆగిపోవాలి."

"అలా చెయ్యగలవా?"

"వచ్చే శుక్రవారానికి."

"సరే. ఈయన మాత్రం ఈ సెట్టుతో ఆ కుర్చీలోనే ఉండాలి. అప్పుడూ పొంగకపోతే కొంటాను" అని, గుమ్మం దాకా వెళ్ళి, "ఈసారి చెప్పులేసుకొస్తాను" అన్నాడు.

ఆ వారమంతా కండక్టరు మళ్ళీ మేడమీద. ఈసారి ఒళ్ళో సెట్టుంది. కోడలు "ఊఁ" అంటే మీట తిప్పేవాడు, ఆమె చేసిందంతా చెడగొట్టేవాడు. ఆమె మళ్ళీ సరిచేసేది. చెడగొట్టిన ప్రతిసారీ ఆయన ఆమె మొహం చూడలేక పక్కకి తిరిగేవాడు.

శుక్రవారం అందరూ కిందా పైనా నుంచున్నారు. ట్యాంకు నిండబోయేముందు ఆయన మీట తిప్పాడు. ముప్పావు దాకా తిప్పి, ఆకాశం చూస్తూ చెయ్యి ఆపేశాడు. కోడలు చూసేసింది.

"మామయ్యా. చివరికంటా."

"ఎందుకమ్మాయ్, చాలు కదా..."

"చివరికంటా తిప్పండి. లేకపోతే ఎలా తెలుస్తుంది?"

ఆయన కళ్ళు మూసుకుని తిప్పాడు. చెవిలో జలపాతం హోరెత్తింది. ఆ హోరులో మోటారు ఆగిందో లేదో తెలీలేదు. భుజం మీద చెయ్యి పడితే కళ్ళు తెరిచాడు. కోడలు నవ్వుతోంది. మేడ అంచు పొడిగా ఉంది. కింద కాంట్రాక్టరు పొడిచెప్పులతో నుంచుని సిగ్గుపడుతున్నాడు.

"ఓడించేశావే!" అని అరిచాడు కండక్టరు, హెడ్‌ఫోను తియ్యకుండానే.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. సెట్టు ఆఫీసులోనే ఉండిపోయింది, పరీక్షలకి పనికొస్తుందని. అత్తగారు ఊరుకోలేదు. కోడలు ఆ హోరుని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చింది. "ఇందులో తడి లేదు" అని పెదవి విరిచింది ఆవిడ. అయినా మధ్యాహ్నం అదే పెట్టుకు పడుకుంటోంది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున కోడలు వార్తలు చదువుతూ ఆగింది.

"మామయ్యా, ఇది వినండి. ఒక చిన్న కంపెనీ వారు తమ నీటి పరికరాన్ని పాతకాలపు సెట్టు ఒకటి పెట్టి పరీక్షించారట. అంతరాయానికి మూలం, ఉద్యోగం చాలించిన ఒక బస్సు కండక్టరు అట."

కండక్టరు చేతిలోని పాత పత్రిక కింద పెట్టాడు. "ఆ మూలం నేనేనా?"

"మీరే."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివింది. ఆయన మొహం కడిగిన గాజులా మెరిసింది. అంతలోనే ముడుచుకుంది.

"సీసా మీద ఎన్ని చుట్లు చుట్టానో వేశారా?"

"వెయ్యలేదు."

"అదే అసలు సంగతి కదే!" లేచి పెట్టె అడుగునుంచి పసుపు తిరిగిన కార్డు ఒకటి తీశాడు. "ఆ పత్రిక అడ్రసు చెప్పు."

"దానికి అడ్రసుండదు మామయ్యా. అంతా ఫోన్లోనే. మీరు రాయండి, నేను ఎక్కిస్తాను."

"అడ్రసు లేని పత్రిక మూతపడితే ఎలా తెలుస్తుంది?" అని గొణుక్కుంటూ రాయడానికి కూర్చున్నాడు.

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది. "నా గురించేం వేశారు?"

"ఏం వెయ్యలేదత్తయ్యా."

"వాళ్ళని నిలువునా తడిపింది ఈయనా? తిప్పింది నేను. అది కూడా రాయండి ఆ కార్డులో."