జపమాలలో మామగారి వంతు

మా అత్తయ్య సాయంత్రం ఆరింటికి జపమాల చేతిలోకి తీసుకుంటుంది. నాకు ఐదున్నర నుంచే కుదురుండదు. మిషను పెడలు మీద కాలు ఊరికే ఆడుతుంటుంది, సూదిలోకి దారం ఎక్కదు. స్కూలు యూనిఫారాలు కుట్టడం నా పని. ఈ నెలలో రెండు చొక్కాలకు జేబు కుడివైపు కుట్టి, తిట్టుకుంటూ విప్పుకున్నాను.

సంగతేమిటంటే, మా అత్తగారివాళ్ళు క్యాథలిక్కులు. జపమాలలో పూసపూసకీ చెప్పే మరియమ్మ ప్రార్థన ఇద్దరు పంచుకుని చెప్పేది. మొదటి సగం ఒకరు చెబుతారు, రెండో సగం ఇంకొకరు అందుకుంటారు. ఈ ఇంట్లో నలభై రెండేళ్ళు మొదటి సగం అత్తయ్యది, రెండో సగం మామగారిది. మామగారు పోయి ఏడాదిన్నర అయింది. ఆ తర్వాత ఆర్నెల్లకి అత్తయ్యకు మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు మరిచిపోయింది, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత మామగారు పోయిన సంగతి. ప్రార్థనలో తన సగం మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. అది చెప్పి ఆగుతుంది. ఎవరూ అందుకోకపోతే పూస మీద నుంచి వేలు తీయదు, మళ్ళీ మొదటికొస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఏడయ్యేసరికి లేచి ఆయన కోసం గదులన్నీ వెతుకుతుంది, వీధి తలుపు గడియ లాగుతుంది. అన్నం పెడితే, ప్రార్థన కాలేదు కదా అని కంచం తోసేస్తుంది. అలా తినీ తినకా ఈ నెలలోనే మనిషి చిక్కి శల్యమైంది.

మా ఆయన బస్సు డ్రైవరు. మొన్నటిదాకా పగటి డ్యూటీ కాబట్టి సాయంత్రం తనే అందుకునేవాడు. ఈ నెలనుంచి సాయంత్రం డ్యూటీ వేశారు. మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. ఫోనులో ఎవరిదో ప్రార్థన పెట్టి చూశాం. వాళ్ళు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, ఎవరు వీళ్ళు, పొమ్మనమంది అత్తయ్య. ఇక మిగిలింది నేను.

నాకు ఆ రెండో సగం రాక కాదు. పద్నాలుగేళ్ళుగా గోడవతల నుంచి వింటున్నదే. అందులో మరియమ్మను సర్వేశ్వరుని మాతా అని పిలిచి, మా కోసం ప్రార్థించమని అడగాలి. మా నాన్న ప్రొటెస్టెంటు పాస్టరు. యేసు తల్లి అనండి, ధన్యురాలు అనండి, దేవుడికి తల్లేమిటి, మనిషికి మొక్కడమేమిటి అని ముప్ఫై ఏళ్ళు ప్రసంగించిన మనిషి. పెళ్ళికి ముందు నా దగ్గర ఒక్కటే మాట తీసుకున్నారు. ఏ చర్చిలో కూర్చున్నా సరే, ఆ పిలుపు నా నోట రాకూడదు. సరేనన్నాను. భయపడి అనలేదు, నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

కొత్తలో అత్తయ్యతో దీని మీద గట్టిగానే వాదించాను. దేవుడికి తల్లి ఉంటే అమ్మమ్మ కూడా ఉండాలి కదా, మరి ఆవిడ ఏ ఊళ్ళో ఉంటుందని వెటకారం చేశాను. అప్పుడు నాకు ఏడో నెల. ఆవిడకు కోపం రాలేదు. నా పొట్ట వైపు చూసింది.

"లోపలున్న ప్రాణం నువ్వు పోసిందా? దేవుడిచ్చిందే కదా. మరి నువ్వు ఆ బిడ్డ ఒంటికే తల్లివా, మొత్తం బిడ్డకి తల్లివా?"

నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

ఈ నెలలో నేను వేయని ఎత్తు లేదు. సర్వేశ్వరుని మాతా అనాల్సినచోట ప్రభువు తల్లీ అన్నాను. ఆ మాట బైబిల్లో మరియమ్మ బంధువు ఎలీసబెతు అన్నదే, నాకు పేచీ లేదు. అత్తయ్య వేలు కదల్లేదు. అది కాదు అంది. మర్నాడు తెలివిగా సగాలు మార్చాను. మొదటి సగంలో ఉండేవి దేవదూత మాటలూ ఎలీసబెతు మాటలూ, వాటిని చిన్నప్పుడే నాన్న నాతో కంఠతా పట్టించారు. అది నేను చెప్పి, మీరందుకోండి అత్తయ్యా అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, అది ఆయన వంతు అంది. తన సగం తను చెప్పి ఆగింది. నేను లేచి మిషను దగ్గరికి పోయి, ఆ గొంతు వినబడకుండా కుట్టిందే కుట్టాను. ఇంత రాతిగుండె నాకెప్పుడు వచ్చిందా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

నిన్న సాయంత్రం నాన్న వచ్చారు. రమ్మన్నది నేనే. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటానని చెబుదామనుకున్నాను. తీరా ఆయన కుర్చీలో కూర్చున్నాక మంచినీళ్ళిచ్చి, కుశలం అడిగి, ఫ్యాను పెంచి, తగ్గించి, గదంతా తిరిగానే తప్ప ఆ సంగతి ఎత్తలేదు. ఆరయింది. మంచం మీద అత్తయ్య తన సగం చెప్పి ఆగింది. నాన్న నా వైపు చూశారు. నేను కత్తెర తీసి మళ్ళీ అక్కడే పెట్టాను. అత్తయ్య రెండోసారి చెప్పింది, మూడోసారి చెప్పింది. నాలుగోసారి మధ్యలో నాన్న మీద ఆవిడ చూపు పడింది. కన్నకొడుకునే రోజుకొకరనుకునే మనిషి, ఆయన్ని ఇట్టే పోల్చుకుంది. గబగబా జపమాల పోగుచేసి దిండు కిందికి తోసేసింది.

"అన్నయ్యగారొచ్చారా, చూసుకోలేదు," అంది. నాతో మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వేం ఇబ్బంది పడకు అమ్మాయ్. ఆయన వెళ్ళాక మీ మామగారూ నేనూ చెప్పుకుంటాంలే."

ఆలోచిస్తే, ఈ పద్నాలుగేళ్ళలో నాన్న వచ్చిన ఏ రోజూ ఈ ఇంట్లో జపమాల కనబడలేదు. నా తండ్రి ముందు నాకు మాట రాకూడదని, తన ఇంట్లో తన మంచం మీద ఆవిడ దాన్ని దాచుకుంటూ వచ్చింది. అన్నీ మరిచిపోయినా అది మరవలేదు. నేను ఒక్కసారైనా గమనించలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

దిండు కింద నుంచి జపమాల తీసి ఆవిడ చేతిలో పెట్టి, మొదలుపెట్టండి అన్నాను. నాన్న వైపు అనుమానంగా చూస్తూనే ఆవిడ చెప్పి ఆగింది. నేను అందుకున్నాను. సర్వేశ్వరుని మాతా అన్నాను, ఒక్క అక్షరం మార్చకుండా, నాన్నకు వినబడేలా. అత్తయ్య వేలు పక్క పూస మీదికి జరిగింది.

ఒక్కటి చెబితే తీరేదా? అలాంటివి యాభై పైచిలుకు ఉన్నాయి. అన్నీ చెప్పాను. నమ్మి చెప్పావా అని అడిగితే, లేదనే చెబుతాను. నాన్న లేచి వెళ్ళలేదు, తల వంచుకుని చివరిదాకా కూర్చున్నారు. అయ్యాక అత్తయ్య కంచం అడిగి, మారు పెట్టించుకుని తింది.

గేటు దగ్గర నాన్న చెప్పులేసుకున్నారు. మాట తప్పాను నాన్నా అని నేనే అన్నాను.

"విన్నాను," అన్నారు. "రేపు కూడా చెప్పాలా?"

"రోజూ చెప్పాలి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ."

ఆయన గేటు గడియ తీశారు.

"నిన్ను మానమని చెప్పలేనమ్మా. ఆ మాట నీ నోట వినలేను కూడా. ఇకనుంచి పొద్దునపూట వస్తాను."

సరే నాన్నా, పొద్దునే రండి అన్నాను.