ఎర్ర అక్షరాలు ఆగిన చోట

చినుకుల చప్పుడు.

వాన కాదు. వేళ్ళు.

క్లాసు నిండా వేళ్ళు మీటల మీద పడుతున్నాయి— టపటపా, టపటపా. కిటికీ అవతల గాలి కొమ్మల్ని ఒక్క క్షణం కుదురుగా ఉండనివ్వడం లేదు. లోపల సార్ గొంతూ అంతే. అందుకుంటే అందుకో, లేకపోతే లేదు.

ఆయన పాఠం చెప్పరు. పరిగెత్తిస్తారు.

అందుకే నర్సింగు మొదటి సంవత్సరం, రెండో వరస బల్ల మీది నలుగురూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకే ఫైలు. నలుగురి తెరల మీదా అదే పేజీ. ఒకరు వదిలేసింది ఇంకొకరు పట్టుకోవాలి. ఒక్కొక్కరి అక్షరాలకి ఒక్కో రంగు.

నీలం, ఆ పొడుగు కుర్రాడిది. మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. గుండె గీశాడంటే కొట్టుకుంటుందేమో అనిపిస్తుంది. అందరూ వాణ్ణి ‘బొమ్మలు’ అనే పిలుస్తారు.

ఊదా, సందేహాల పిల్లది. రాసేదానికంటే అడిగేదే ఎక్కువ.

ఎరుపు— తుఫానుది. సార్ నోట్లోంచి మాట ఊడిపడకముందే ఆ పిల్ల తెర మీద ఉంటుంది.

ఆకుపచ్చ, పెద్దక్కది.

పెద్దక్క అంటే... పెద్దక్కే. మిగతా ముగ్గురి వయసూ ఆమె కాపురం వయసూ ఇంచుమించు ఒకటే. ఇన్నేళ్ళూ బట్టల కొట్లో కౌంటరు వెనక నిలబడింది. కూతురు కాలేజీలో చేరిన ఏడే తనూ చేరింది. “అమ్మా, నీ హోంవర్క్ అయిందా?” అని పొద్దున్నే కూతురు ఆటపట్టిస్తుంది.

ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతుంది పెద్దక్క. వాక్యం సగంలో ఉండగానే ఎరుపు వచ్చి పడుతుంది. తప్పు దిద్దుతుంది. తోక కత్తిరిస్తుంది. ఒక్కోసారి వాక్యమే ఉండదు.

ఇప్పుడే ఉంది... ఇప్పుడు లేదు.

“అక్కా, సార్ దగ్గితే అది కూడా రాస్తారా?” అని నవ్వేది తుఫాను.

“బల్ల మీద కొట్టి మరీ చెప్పారే! ముఖ్యం కాబట్టే కదా.”

“ముఖ్యమైతే నేను రాస్తాగా.”

పెద్దక్కా నవ్వేసేది. లోపల మాత్రం ఒళ్ళు మండేది. బస్సులో మండేది. వంటింట్లో పొయ్యి ముందు మండేది. చెయ్యి తుడుచుకుని ఫైలు తెరిచి ఆకుపచ్చ కోసం వెతుక్కునేది. అక్కడో ముక్క. ఇక్కడో ముక్క. గాలికి రాలిన ఆకుల్లా.

తను ఆ క్లాసులో ఉన్నట్టా... లేనట్టా?

ఆ రోజు తుఫాను ఆలస్యంగా వచ్చింది. వస్తూనే బ్యాగు బల్ల మీద పడేసి సణుగుడు.

“మా అమ్మతో వేగలేకపోతున్నానక్కా. ఇలా బస్సెక్కానో లేదో అలా ఫోను. నోట్లో బ్రష్షు పెట్టుకుని మాట్లాడుతోంది. ఒక్క ముక్క అర్థమై చస్తేనా! నోరు కడుక్కుని చెయ్యమ్మా తల్లీ అని పెట్టేశాను.”

అందరూ నవ్వారు. పెద్దక్క కూడా.

సార్ వచ్చారు. బోర్డు మీద ఒక్క మాట రాశారు. పక్షవాతం.

టపటపా... టపటపా...

“మెదడుకి రక్తం అందకపోతే మొదట ఏం కనిపిస్తుంది? మూతి ఒక పక్కకి జారుతుంది. చెయ్యి పైకెత్తమంటే వాలిపోతుంది. మాట ముద్దగా వస్తుంది, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు—”

ఎరుపు పరిగెడుతోంది. మూతి. చెయ్యి. మాట ము—

ఆగింది.

తన తెరే పాడైందనుకుంది పెద్దక్క. ఎరుపు ఎప్పుడూ ఆగలేదు మరి. ఇప్పుడు ఆ అక్షరం పక్కన సన్నటి గీత ఒక్కటే వెలుగుతోంది, ఆరుతోంది.

తల తిప్పి చూసింది. తుఫాను ముఖంలో నెత్తురు చుక్క లేదు.

బ్రష్షు కాదు.

తుఫాను బల్ల కింద ఫోను చేస్తోంది. మోగుతోంది... మోగుతోంది... ఎత్తడం లేదు.

“ఫోన్లు లోపల పెట్టండి,” అన్నారు సార్, బోర్డు వైపు తిరిగే.

పెద్దక్క లేచి నిలబడింది. “సార్, వీళ్ళమ్మ పొద్దున ముద్దముద్దగా మాట్లాడిందట సార్. ఇప్పుడు ఫోను ఎత్తట్లేదు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది.”

సార్ గిరుక్కున తిరిగారు.

“ముందు అంబులెన్సుకి చెయ్యండి. తర్వాత పక్కింటివాళ్ళకి— తలుపు బద్దలుకొట్టయినా లోపలికి వెళ్ళమనండి. అమ్మ నీతో ఎప్పుడు మాట్లాడిందో సరిగ్గా గుర్తు తెచ్చుకోమ్మా, ఆస్పత్రిలో ముందు అదే అడుగుతారు. రక్తపు గడ్డని కరిగించే మందు మొదటి కొన్ని గంటల్లోనే పనిచేస్తుంది.”

ఫోను పెద్దక్కే చేసింది. చిరునామా ఒక్కో ముక్కా తుఫాను నోట్లోంచి లాగి చెప్పింది. బండి తాళాలు పట్టుకుని బొమ్మలు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

బొమ్మలూ తుఫానూ వెళ్ళిపోయారు. తలుపు ఊగుతూ ఉండిపోయింది.

మర్నాడు కబురు తెలిసింది. ప్రాణం దక్కింది. వంటగది నేల మీద పడి ఉంటే పక్కింటావిడ చూసిందట. కుడి కాలు కాస్త కదులుతోంది. చెయ్యి కదలడం లేదు.

మాట... ఇంకా లేదు.

“ఒక్క నిమిషం ఓపిగ్గా విని ఉంటే నా సొమ్మేం పోయేదక్కా?” ఫోనులో తుఫాను అదే అంటోంది. అదే. అదే.

పెద్దక్క ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. తనూ నవ్వింది కదా.

క్లాసు. గాలి తగ్గలేదు. సార్ రెండో వరసలో ఖాళీ వైపు ఒకసారి చూసి మొదలుపెట్టారు. పక్షవాతం తర్వాత. కోలుకోవడం.

ఫైలులో ‘మాట ము’ అలాగే ఉంది. ఎవరికీ పూర్తి చెయ్యడానికి చెయ్యి రాలేదు. దాని కింద మొదలుపెట్టింది పెద్దక్క— వెతుక్కుంటూ, తడుముకుంటూ. దిద్దేవాళ్ళు లేరు. కత్తిరించేవాళ్ళు లేరు. ఎంత కోరుకుందో దీన్ని! ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటోంది.

అప్పుడు ఎరుపు వెలిగింది.

‘అక్కా, ఆస్పత్రి వరండాలో ఉన్నా. మీరు రాయండి. చదువుతున్నా.’

పెద్దక్క రాసింది. పక్క మార్చడం. మెల్లగా మింగించడం. చేతికి వ్యాయామం. అక్షరాలు తప్పుతున్నాయి. ఎరుపు ఒక్కటీ దిద్దడం లేదు. వెనకాలే వస్తోంది, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు.

సార్ గొంతు కాస్త దిగింది. “ఇక మాట. కొందరికి నెలల్లో వస్తుంది. కొందరికి ఎప్పటికీ పూర్తిగా రాదు.”

పెద్దక్క వేళ్ళు ఆగిపోయాయి.

పక్కన సందేహాల పిల్ల చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. “అక్కా... వద్దు,” అంది గుసగుసగా. “మొదటిది రాసి వదిలెయ్యండి.”

వదిలెయ్యొచ్చు. ఎవరికి తెలుస్తుంది?

‘ఆగారేంటక్కా? సార్ ఏమన్నారు?’

కొట్లో అయితే బట్ట రంగు వెలుస్తుందని తెలిసినా వెలవదనే చెప్పేది. అది బట్ట. ఇది...

రాసింది. రెండు వాక్యాలూ. ఉన్నదున్నట్టు.

ఎర్ర గీత కదల్లేదు.

వెలిగింది. ఆరింది. వెలిగింది.

మెల్లగా జరిగి రెండో వాక్యం చివరికి వచ్చింది. కొట్టేస్తుందనుకుంది పెద్దక్క. కొట్టేస్తే బాగుండుననీ అనుకుంది.

కొట్టెయ్యలేదు. పక్కన ఒక్క మాట పడింది.

‘ఇంకా?’

సార్ అప్పటికే బోర్డు వైపు తిరిగారు. కొత్త పాఠం పేరు రాయబోతున్నారు.

“సార్...”

పెద్దక్క గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“మాట గురించి... ఇంకా ఏమైనా ఉందా సార్?”

క్లాసులో వేళ్ళన్నీ ఆగాయి. సార్ చెయ్యి బోర్డు మీదే ఉండిపోయింది.