చెమ్మ పట్టిన అద్దాల పెట్టె

ఫ్రిజ్ మెకానిక్‌కి చెమ్మంటే పగ. ముప్ఫై ఏళ్లుగా నీళ్లు కారే ఫ్రిజ్జుల తలుపులకు రబ్బర్లు మార్చి, పైగా తిట్లు తిని బతికినవాడు. అద్దం మీద చుక్క కనబడితే చెయ్యి ఊరుకోదు.

అలాంటివాడి మనవరాలు మూడు నెలలు ముందే పుట్టి, ఏడువందల ఇరవై గ్రాముల బరువుతో ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పడుకుంది. పెట్టె నిండా ఆవిరి. లోపలి గోడల మీంచి నీళ్లు జారుతున్నాయి.

"ఏంటమ్మా ఇది, పిల్లని ఉడకబెడుతున్నారా?" అన్నాడు నర్సుతో.

"అలాగే ఉండాలి తాతగారూ. మీరు చెయ్యి పెట్టకండి."

పది పెట్టెలకు ఆమె ఒక్కతే. ఇంకో పెట్టె మోగితే అటు పరిగెత్తింది.

పుస్తకాలు చదివిన పిల్ల, మిషను పాడైతే ఏం తెలుస్తుంది పాపం, అనుకున్నాడు. చదువుకున్నవాళ్ల మీద అతనికి మొదట్నుంచీ అదే అభిప్రాయం. తేమ అంకె ఎనభై చూపిస్తోంది. బటన్ నొక్కి నలభైకి దించాడు. కాసేపటికి అద్దం ఆరింది. పాప మొహం తేటగా కనబడింది.

బయటికొచ్చి, "ముక్కు అచ్చం నీదేనే అమ్మలూ," అన్నాడు కూతురితో. రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

సాయంత్రం తూకంలో పాప ముప్ఫై గ్రాములు తగ్గింది. ఒళ్లు ఉల్లిపొరలా ఎండింది. ఇంటివాళ్లందర్నీ లోపలికి పిలిచారు.

"నెలలు నిండని చర్మం నీళ్లని ఆపలేదు. ఒంట్లో నీళ్లన్నీ గాల్లో కలిసిపోతాయి. తేమ ఎవరు తగ్గించారు?" అంది డాక్టరమ్మ.

అల్లుడు నర్సు మీద విరుచుకుపడ్డాడు. "నీ ఉద్యోగం ఊడబీకించకపోతే చూడు!"

"నేను ముట్టుకోలేదు సార్..." అంటూ నర్సు ఏడ్చేసింది.

మెకానిక్ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"తగువు తర్వాత! ఎప్పుడు తగ్గించారో తెలిస్తేనే ఎంత నీళ్లెక్కించాలో తేలుతుంది. ఎక్కువైతే గుండె తట్టుకోదు. తక్కువైతే..." డాక్టరమ్మ ఆగిపోయింది.

"పన్నెండున్నరకి," అన్నాడు మెకానిక్. "నేనే."

అల్లుడు గిరుక్కున మామగారి వైపు తిరిగాడు. కూతురు ఆపరేషన్ కుట్లు పట్టుకుని కుర్చీలోంచి లేచింది. మెల్లగా నడిచొచ్చి తండ్రికీ పెట్టెకీ మధ్య నిలబడింది.

"బయటికెళ్లు నాన్నా."

వెళ్లాడు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. నర్సు కళ్లు తుడుచుకుని అంకె మళ్లీ ఎనభైకి పెంచింది. ఆవిరి కమ్మి పాప మొహం కనబడకుండా పోయేదాకా అతను కదల్లేదు. ఆ తర్వాతా అక్కడే ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.